కరెంటు పోయిన పన్నెండు నిమిషాలు

తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో పగలంతా ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తాని. గురువారం సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిది దాకా మాత్రం యావత్ వైద్యశాస్త్రానికీ న్యాయమూర్తిని. ఆ అరగంటలో టీవీలో ఒక ఆసుపత్రి సీరియల్ వచ్చేది. దాని మీద ఒక స్థానిక వారపత్రికకి సమీక్ష రాసేవాణ్ణి.

పత్రిక అంటే నాలుగు పేజీలు. ఆదివారం పొద్దున్న చదివినవాళ్ళ వేళ్ళకి సిరా బుధవారం దాకా వదిలేది కాదు. నా సమీక్ష మూడో పేజీలో, ఎరువుల ప్రకటనకీ కొబ్బరి తెగుళ్ళ సలహాలకీ మధ్య ఇరుక్కుని వచ్చేది. అయినా సరే, ఉభయ గోదావరి జిల్లాలూ దాని కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాయని నా గట్టి నమ్మకం. కూర్చునేవాళ్ళు కూర్చునేవారు, కాదనను. కాకపోతే అది నా హాస్యం కోసం కాదు. సీరియల్ మధ్యలో కరెంటు పోయేది. హీరో కత్తి చేతిలోకి తీసుకోగానే పోయేది, కుట్లు వేసేశాక వచ్చేది. ఆ మధ్యలో ఏమైందో తెలుసుకోవాలంటే జనానికి నా సమీక్ష తప్ప దిక్కులేదు. అదే నా పలుకుబడి.

మరి మా ఇంట్లోనూ పోయేది కదా అంటారు. దానికో పద్ధతి ఉండేది. మా వీధి కరెంటు లైను వేరు, మా ఆఫీసులో నా పక్క కుర్చీ ఆయన వీధి లైను వేరు. నాకు పోయిన ముక్క ఆయనకి ఉండేది. శుక్రవారం పొద్దున్న ఆయన నాకు ఆ ముక్క నటించి చూపించేవాడు. నర్సు ఏడ్చిన చోట ఏడ్చేవాడు, డాక్టరు అరిచిన చోట అరిచేవాడు. ఓసారి ఆయన గుండెపోటు చూసి మా సూపరింటెండెంట్ గారు నిజంగానే నీళ్ళు తెప్పించారు.

ఆ గురువారం మాత్రం ఇద్దరికీ ఒకేసారి పోయింది. ఆయన ఊళ్ళో ఇంకో నలుగుర్ని కూడా అడిగి వచ్చి, "మొత్తం ఊరంతా పోయిందండి. నిన్న రాత్రి టీవీ చూసినవాడంటూ ఉంటే వాడు గోదారిలో చేపే" అన్నాడు.

ఇక ఆ ఎపిసోడ్ సంగతి. ఒక ముసలి జమీందారు. ఆయన ఇరవయ్యేళ్ళ కిందట ఇంట్లోంచి గెంటేసిన కొడుకు ఇప్పుడు పెద్ద సర్జను. తండ్రి కడుపు కోయాల్సింది ఆ కొడుకే. ఈ సంగతి తెలిశాక అందరి మొహాల మీదకీ కెమెరా మూడేసిసార్లు వెళ్ళింది, ఆక్సిజన్ సిలిండర్ మీదకి కూడా. తలుపులు మూసిన ఆపరేషన్ థియేటర్లో డాక్టరు జుట్టు గాలికి ఎగురుతూ ఉంది. గోడ గడియారం మొదట్నుంచి చివరిదాకా పదీ పదే. ముసలాయన ముక్కుకి మత్తు మూత పెట్టి, "అంకెలు లెక్కపెట్టండి" అంది నర్సు. ఆయన ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నాడు. ఐదు అనే లోపల కరెంటు పోయింది.

పన్నెండు నిమిషాల తర్వాత వచ్చింది. చూస్తే ముసలాయన మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని కొబ్బరినీళ్ళు తాగుతున్నాడు. కొడుకు ఆయన కాళ్ళ దగ్గర కుమిలిపోతున్నాడు. "నీ మనసు నాకు తెలిసిందిరా" అన్నాడు ముసలాయన. అంతటితో అయిపోయింది.

తెలిసింది సరే, ఎలా తెలిసింది? శుక్రవారం సాయంత్రానికి సమీక్ష ఇవ్వాలి. చూడలేదని ఒక్క ముక్క రాసేస్తే పోయేది. కానీ పలుకుబడి ఉన్నవాడు చూడలేదని రాస్తాడా? కల్పించాను. మత్తు ముసలాయన ఒంటికెక్కింది గానీ చెవులకెక్కలేదనీ, కొడుకు కడుపు కోస్తూ తన గోడంతా వెళ్ళబోసుకుంటూంటే ఆయనకి అన్నీ వినపడ్డాయనీ, పలుకుదామంటే నోరు రాక, కదులుదామంటే వేలు కదలక, బల్ల మీద శవంలా పడి ఉండిపోయాడనీ రాశాను. రాస్తుంటే ఊపొచ్చింది. ఊపొస్తే నేను ఆగను. కింద ఇంకో వాక్యం కలిపాను: 'మత్తు చెవులకి ఎక్కదన్నది డాక్టర్లందరికీ తెలిసిన రహస్యమే, రోగులకి మాత్రం చెప్పరు.'

వ్యంగ్యం అనుకున్నాను. ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాను కూడా.

మా అక్క రామచంద్రపురంలో ఉండేది. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. బావగారికి వరి చేలూ కొబ్బరి తోటా ఉన్నాయి. అక్కకి మాట ఉంది. అలాంటిలాంటి మాట కాదు, ఆవిడ అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంటే ఆ వీధిలో బస్సు హారన్ కొట్టడం మానేసి దారి వెతుక్కునేది. ఆ ఏడు ఆవిడకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయని తేలింది. అప్పటికి రెండుసార్లు నొప్పితో మెలికలు తిరిగిపోయింది. కాకినాడలో డాక్టరుగారు ఫిల్మ్ చూసి, "చిన్న చిల్లులు నాలుగు పెట్టి తీసేస్తానమ్మా. మూడో రోజు ఇంటికెళ్ళిపోవచ్చు. ఆలస్యం చేస్తే మాత్రం చీము పట్టుద్ది, ప్రాణం మీదకొస్తుంది" అన్నారు. బుధవారం ఖాయం చేశారు. నా సమీక్ష అచ్చయింది అంతకు ముందు ఆదివారం.

సోమవారం పదిన్నరకి మా ఆఫీసు ఫోన్ మోగింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆ డాక్టరుగారికి నేను రానని చెప్పెయ్."

"ఏమైందక్కా?"

"ఏమవడం ఏంటి, రాసింది నువ్వే కదా!"

నాకు ఒక్క క్షణం ఏం రాశానో గుర్తు రాలేదు. వచ్చాక కుర్చీలో కూర్చోబోయి పక్కనున్న ఫైళ్ళ కట్ట మీద కూర్చున్నాను.

సాయంత్రం బస్సెక్కి మండపేట మీదుగా రామచంద్రపురం వెళ్ళాను. అరుగు మీద అక్క, ముగ్గురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూర్చుని చీపుళ్ళ కోసం కొబ్బరాకుల ఈనెలు తీస్తున్నారు. నా సమీక్షలు చదివి వినిపించేది ఆ సభలోనే. పత్రిక అక్క ఒళ్ళో ఉంది. ఆ మూడు వాక్యాల దగ్గర ఎన్నిసార్లు వేలు పెట్టి చదివారో, అక్కడ కాగితం అరిగిపోయింది.

"అదిగో వచ్చారు తమ్ముడుగారు" అందొకావిడ. "ఏంటండీ, నిజంగా అన్నీ వినపడతాయాండీ?"

"ఏమీ వినపడవండీ. అక్కా, అది నేను చూడలేదే. కరెంటు పోయింది. నా అంతట నేను కల్పించి రాశాను."

అక్క నన్ను జాలిగా చూసింది. చిన్నప్పుడు పలక పగలగొట్టి పిల్లి మీద చెప్పినప్పుడు చూసిన చూపది.

"నన్ను ఒప్పించడానికి వచ్చి ఎన్ని అబద్ధాలు చెప్తున్నావురా! ఏంటీ, నువ్వు చూడకుండా రాశావా? పేపర్లో? జనం చదివే పేపర్లో?"

"రాశానక్కా."

"రాయవు. నేను పెంచాను నిన్ను, నాకు తెలీదా?"

"నీ మీదొట్టు అక్కా."

"నా మీద ఒట్టెయ్యకు, అసలే ఒంట్లో బాలేదు" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదొక తప్పు. నవ్వితే ఇంక నా మాటకి విలువేముంటుంది?

అప్పుడు బావగారు లోపల్నుంచి వచ్చారు. పొలం దగ్గర నలభై మందిని ఒక్క కేకతో కదిలించే మనిషి, ఇంట్లో మాత్రం స్తంభం పక్కన రెండో స్తంభం. "నిన్నట్నుంచి చెప్తున్నానోయ్" అన్నారు. ఆ ముక్క అయ్యేలోపల అక్క ఆయన్ని చూసింది. ఆయన మళ్ళీ స్తంభమైపోయారు.

ఆడవాళ్ళు లేచి వెళ్ళాక అక్క గొంతు తగ్గించింది. నా జీవితంలో ఆవిడ గొంతు తగ్గించగా నేను విన్నది అదే మొదటిసారి.

"కోస్తారని కాదురా నా భయం. కోస్తే కోస్తారు, ముగ్గుర్ని కన్నాను. నేనలా పడుకుని ఉంటాను, వాళ్ళు నా గురించి ఏదో అంటారు. లావుగా ఉందంటారు, ముసిల్దంటారు, ఇంక లాభం లేదంటారేమో. అన్నీ వినపడుతుంటాయి. ఒక్క మాట తిరిగి అనడానికి నోరు రాదు. అది నా వల్ల కాదురా."

నేను మళ్ళీ చెప్పాను. కరెంటు గురించి చెప్పాను, పక్క కుర్చీ ఆయన గురించి చెప్పాను, చేప గురించి కూడా చెప్పాను. ఎంత చెప్పినా ఆవిడ తల ఊపుతూ, "నీకు నా మీద ఎంత ప్రేమరా" అంటూ పోయింది. నిజం చెబుతుంటే మనిషి కరిగిపోతోంది గానీ నమ్మడం లేదు. అబద్ధం రాసినప్పుడు ఇంత కష్టం పడలేదు.

ఆపరేషన్ జరగకుండానే బుధవారం వెళ్ళిపోయింది. నేను సంపాదకుడి దగ్గరికి వెళ్ళి సవరణ వెయ్యమన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"చూడకుండా రాశామని మనమే వేసుకోవాలాండీ?"

"మా అక్క ప్రాణం మీదకొచ్చిందండీ."

"అయ్యయ్యో. అయితే తప్పకుండా వేద్దాం. పొట్టిగా."

ఆ ఆదివారం ఎరువుల ప్రకటన కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక లైను వచ్చింది: 'ఆపరేషన్ సమయంలో రోగికి ఏమీ వినపడదని వైద్యులు తెలియజేస్తున్నారు.' నేను రాసిచ్చింది ఒక పేజీ. అందులో నా తప్పు ఉంది, కరెంటు ఉంది, క్షమాపణ ఉంది. మిగిలింది వైద్యులే.

అక్క భూతద్దం పెట్టి మరీ చదివింది. సోమవారం మళ్ళీ ఆఫీసుకి ఫోను.

"డాక్టర్లు నిన్ను బెదిరించారా తమ్ముడూ?"

"లేదక్కా!"

"గట్టిగా అరవకు, పక్కన ఎవరైనా ఉన్నారేమో. నాకర్థమైందిలే. రహస్యం బయటపెట్టావని మీ పేపరోళ్ళ మీదకి వచ్చుంటారు. నువ్వు జాగ్రత్త."

అప్పట్నుంచి నేను రాసే సమీక్షల్లో అతిశయోక్తి మానేద్దామని చూశాను. మూడో వారానికి సంపాదకుడు, "ఒంట్లో బాగుంటం లేదాండీ?" అని కబురు పెట్టారు.

నెల తర్వాత అక్క కళ్ళు పచ్చబడ్డాయి. రాయి జారి నాళంలో అడ్డుపడి ఉంటుందని కాకినాడ డాక్టరుగారు ఫోన్లో అన్నారు, వెంటనే తీసుకురమ్మన్నారు. అక్క వినలేదు. పచ్చకామెర్లకి పసరు పోసే ఆయన ఒకరున్నారు, ఆదివారం పొద్దున్నే పరగడుపున తాగాలి, మజ్జిగన్నం తప్ప ఇంకేమీ ముట్టకూడదు. మూడు ఆదివారాలు తాగింది. బావగారు దగ్గరుండి తీసుకెళ్ళారు. నేను మొదటి ఆదివారం వాదించాను, రెండో ఆదివారం బతిమాలాను, మూడో ఆదివారం లోటా పట్టుకుని వెనకాల నడిచాను. కళ్ళ పచ్చదనం మాత్రం తగ్గలేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం చలిజ్వరం వచ్చింది. మంచం కోళ్ళు నేలకి కొట్టుకునేంత వణుకు. ఇది నేను పెంచి రాస్తున్నది కాదు. అంబాసిడర్ కారులో నా ఒళ్ళో తల పెట్టించి కాకినాడ తీసుకెళ్ళాం. దారిలో అక్క ఒక్క మాట మాట్లాడలేదు. దానికే నాకు అన్నిటికంటే భయం వేసింది.

డాక్టరుగారు చూశారు, తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రెండు నెలల కిందటైతే చిల్లులతో పోయేదండి. ఇప్పుడు చీము పట్టేసింది. కోసి తెరవాలి. చేస్తాను, కానీ మాట ఇవ్వలేను. ఎందుకు ఆపారు?"

బావగారు నా వైపు చూశారు. ఆయన చూపులో కోపం లేదు, నేనేదో మంచి సమాధానం చెబుతానని నమ్మకం ఉంది.

"భయపడిందండీ" అన్నాను.

థియేటర్ తలుపు దగ్గర అక్క స్ట్రెచర్ మీద నుంచి నా చొక్కా పట్టుకుంది. "నువ్వు లోపలికి రారా. నాకు వినపడితే బొటనవేలు కదుపుతాను. నువ్వు చూసి వాళ్ళకి చెప్పు."

"అలాగే అక్కా."

"పక్కనే ఉంటావుగా?"

"ఉంటానక్కా."

నర్సు నా చేతిలోంచి స్ట్రెచర్ లాక్కుని, "మీరు బయటే" అంది. తలుపు మూసుకుంది. నేను వెనకాలే వస్తున్నాననుకుంటూనే అక్క లోపలికెళ్ళింది.

బయట బల్ల మీద బావగారు, నేను. గంటన్నర అన్నారు. గంటన్నర అయింది, రెండున్నర అయింది. బావగారు కాసేపు తువ్వాలు మడతపెట్టారు, విప్పారు. చివరికి నా వైపు వంగి మెల్లిగా అడిగారు.

"ఏవోయ్, ఇప్పుడు లోపల ఏం చేస్తూ ఉంటారు? నువ్వు ప్రతి వారం చూస్తావుగా, నీకు తెలుస్తుంది కదా."

పన్నెండు నిమిషాలు ఖాళీ దొరికితే పేజీ నింపేసిన వాణ్ణి. ఆయనకి ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. ఆయన మళ్ళీ తువ్వాలు తీసుకున్నారు.

అక్క బతికింది. నాలుగు గంటల తర్వాత బయటికి తెచ్చారు. పక్కటెముకల కింద జానెడు కోత, పక్కన్నుంచి ఒక గొట్టం, గొట్టం చివర సీసా. మూడు రోజుల్లో ఇంటికెళ్ళాల్సిన మనిషి ఇరవై రెండు రోజులు ఆ మంచం మీదే ఉంది. కుట్లు ఓసారి చీము పట్టి విప్పి మళ్ళీ వేశారు. ఆ గొంతు సగమైపోయింది. సగం గొంతుతోనే ఐదో రోజు నన్ను దగ్గరికి పిలిచింది.

"ఏమీ వినపళ్ళేదురా."

నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా మరి! నేను చెప్తూనే ఉన్నాను కదా, అంతా నా కల్పనేనని!"

"కల్పన కాదురా పిచ్చివాడా. నువ్వు రాసింది ఈ డాక్టరుగారు చదివే ఉంటారు. మంచాయన. నాకు చెవులక్కూడా మత్తిచ్చారు."

నేను వంగి, గొట్టం చివర సీసా నిండిందేమో చూశాను.

పలకరింపులు మొదలయ్యాయి. రామచంద్రపురం నుంచి బస్సు వచ్చినప్పుడల్లా ముగ్గురు దిగేవారు, బ్రెడ్డు ఒకరు, హార్లిక్సు ఒకరు, రావులపాలెం అరటిపళ్ళు ఒకరు. అక్క తినకూడని సరుకంతా మంచం కింద చేరి, వార్డంతా అరటిపళ్ళ వాసనే. వచ్చిన ప్రతివాళ్ళకీ అక్క ముందు కోత చూపించేది, తర్వాత నన్ను చూపించేది. "మా తమ్ముడు ముందే రాశాడు పేపర్లో. లేకపోతే నా గతేమయ్యేదో!" వాళ్ళు నాకు దణ్ణం పెట్టేవారు. నేను బత్తాయి వలుస్తూ తల వంచుకునేవాణ్ణి. నాకు వినయం ఎక్కువని కూడా పేరొచ్చింది.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం అరుగు మీది ఆ ముగ్గురిలో ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మొహంలో రక్తం లేదు. గర్భసంచి తీయించుకోవాలన్నారట, లోపల గడ్డ ఉందట, వచ్చే సోమవారం ఆపరేషనట. అక్క మంచం మీద లేవలేక లేచి, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"చెవులకి కూడా మత్తివ్వమని ముందే అడుగు. ఇవ్వనంటే పడుకోకు. నేను ఎన్ని రోజులు ఆగానో చూశావుగా, ఏమైంది నాకు? బతికే ఉన్నాను కదా!"

"అడిగానండి వదినగారూ. మా డాక్టరుగారు నవ్వారు."

"నవ్వారా?" అక్క నా వైపు చూసింది. "నవ్వారంటే ఆ మత్తు ఉన్నట్టే కదరా."

"అక్కా, వద్దు" అన్నాను.

"నువ్వు ఊరుకో, డాక్టర్లని నీ మీదకి రానివ్వను" అంది అక్క. ఆవిడ ఇంకాసేపు కూర్చుని, కొంగు సర్దుకుని లేచింది.

నేను బత్తాయి అక్కడే పడేసి మెట్ల మీద ఆవిణ్ణి అందుకున్నాను. "అమ్మా, ఒక్క నిమిషం. ఆ వేళ మా ఇంట్లో కరెంటు పోయింది. ఆ ముక్క నేను చూడలేదు."

"ఆయ్. మాకూ పోయిందండి. అందుకే కదండీ మీది చదివింది."

"అది నేను కల్పించానమ్మా. అలా ఏమీ ఉండదు. సోమవారం వెళ్ళి చేయించుకోండి. మా అక్క ఆగింది, చూశారుగా ఎలా అయిందో."

"బాగానే ఉన్నారు కదండీ. నవ్వుతున్నారు కూడాను." ఆవిడ మెట్లు దిగుతూనే ఉంది. "మీరు పెద్ద మనసుతో చెప్తున్నారండి. కానీ ఇంట్లో చెప్పేశానండి, సంక్రాంతి వెళ్ళాక చూద్దామని."

గేటు దాటింది, రోడ్డు దాటింది. నేను పక్కనే నడుస్తూ చెబుతూనే ఉన్నాను. రామచంద్రపురం బస్సొచ్చింది, ఆవిడ ఎక్కింది. అది కదలబోతుంటే నేనూ ఎక్కేశాను. ఆవిడ ముందు సీట్లో కూర్చుని కిటికీ వైపు తిరిగింది. వెనకాల కడ్డీ పట్టుకుని నిలబడి, ఆవిడ భర్తతోనైనా మాట్లాడాలనుకుంటూ, గురువారం ఏడున్నర దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. జమీందారు, కొడుకు, మత్తు మూత, ఒకటి రెండు మూడు నాలుగు. బస్సులో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి చూస్తున్నాడు. అప్పుడు కరెంటు పోయిందండీ, అన్నాను.

వెనక సీట్లో అరటి గెల పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ ముందుకి వంగింది.

"అయితే బాబూ, ఆ ముసలాయనకి నిజంగా అన్నీ వినపడ్డాయంటావా?"